ఊరికి వీపు పెట్టిన బోణెమ్మ

పూర్వం, ఎద్దుల వీపుల మీద సరుకు వేసుకుని బిడారులు కొండల నడుమ నుంచి తూర్పు తీరానికి సాగిపోయే కాలంలో, పాలవంక అనే వాగు ఒడ్డున ఉన్న చింతలకోటను ఇమ్మడి తిప్పానాయకుడనే ప్రభువు ఏలుతూ ఉండేవాడు. ఆయన ధర్మబుద్ధి గలవాడు, ప్రజావత్సలుడు, శివపూజ చేయనిదే మంచినీళ్ళు ముట్టనివాడు. అయితే తాను చేసిన మేలు ఎదుటివాళ్ళకు వెంటనే అర్థం కాకపోతే మాత్రం క్షణం ఓర్చుకోలేడు. ఆ ఒక్క గుణం వల్లనే మనకీ కథ దక్కింది.

వానలు ముఖం చాటేసి పైర్లు ఎండిపోయిన రోజుల్లో ఊరివాళ్ళ చేతుల్లో చిల్లిగవ్వ ఆడలేదు. కోటకు పేరు తెచ్చిన నేతగాళ్ళ ఇళ్ళల్లో చీరలు మడతల మీదే ఉండిపోయాయి. అప్పుడు నేతవాడకు పెద్దదిక్కయిన ఎర్రక్క అనే వృద్ధురాలు కొలువుకు వచ్చి, ఉగాది దాకా చూస్తామనీ, అప్పటికీ గిరాకీ లేకపోతే మగ్గాలు విప్పుకుని పడమటి పట్నానికి తరలిపోతామనీ నిబ్బరంగా విన్నవించుకుంది. మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన నాయకుడికి ఆ మాట మింగుడు పడలేదు. ఆ చప్పుడు లేని కోట తనకెందుకని ఆయన ఆ పూట అన్నం కూడా ముట్టలేదు.

ఆలోచించగా ఆలోచించగా ఆయనకొక ఉపాయం తోచింది. ఊరు బాగుపడాలంటే వర్తకం పెరగాలి, వర్తకం పెరగాలంటే మంచి అంగళ్ళుండాలి. అప్పటిదాకా సంత ఊరి వెలుపల బిడారుల దారి పక్కన, బోణెమ్మ అనే గ్రామదేవత శిల ముందు దుమ్ములో, ఎండలో సాగుతూ ఉండేది. అది తన కోటకే చిన్నతనమని ఎంచి, నాయకుడు ప్రాకారం లోపల తాను కాపురముండే నగరుకు ఎదురుగా రాతి అంగళ్ళ వీధి కట్టించాడు. నున్నని గచ్చు అరుగులు, పందిళ్ళు, కొనవచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ తొట్లు, వీధి మొగదల ఇనుప బొడిపెల తలుపులతో పెద్ద వాకిలి ఏర్పరిచాడు. వెలుపలి సంతను మాన్పించి, బోణెమ్మను మేళతాళాలతో లోపలికి తెచ్చి, తన నగరును చూస్తూ ఉండేటట్టు నడివీధి మండపంలో ప్రతిష్ఠించాడు. కట్టడానికైన ఖర్చు రాబట్టుకోవాలి గనుక, పొరుగూరివాళ్ళు లోపలికి అడుగు పెట్టాలంటే వాకిలి దగ్గర సుంకం చెల్లించాలని శాసించాడు.

శుభముహూర్తాన అంగళ్ళు తెరిచారు. నేతగాళ్ళు చీరలు పరిచారు, కంచరులు చెంబులు పేర్చారు, ఊరిజనమంతా వచ్చి అరుగుల ముందు నిలబడ్డారు. నిలబడ్డవాళ్ళు నిలబడే ఉన్నారు, కూర్చున్నవాళ్ళు కూర్చునే ఉన్నారు. పొద్దు వాలేదాకా ఒక్క బేరమూ తెగలేదు. నాయకుడు మేడ మీద నుంచి చూసి చూసి కళ్ళు కాయలు కాచాక, అంగళ్ళ పెద్ద కామిశెట్టిని పిలిపించి ఇదేం చోద్యమని నిలదీశాడు. శెట్టి చేతులు కట్టుకుని, ఇందులో వింతేమీ లేదనీ, తమ ఊళ్ళో బోణీ ఎప్పుడూ పొరుగూరి చేతి మీదుగానే జరగాలనీ, ఊరివాడి సొమ్ముతో మొదటి బేరం చేస్తే ఆ సంత బోణెమ్మకు చెందదనీ, తాతల నాటి నుంచి ఇదే ఆచారమనీ మనవి చేశాడు. ఇన్నాళ్ళూ దారినపోయే బిడారులవాళ్ళు ఎవరో ఒకరు ఆ పని కానిచ్చేవాళ్ళు గనుక, అలాంటి ఆచారం ఒకటుందని నాయకుడి చెవిన పడనే లేదు.

ఆయనకు తల తిరిగిపోయింది. కొనమని బతిమాలాడు, దండిస్తానని బెదిరించాడు. జనం వినయంగా తల ఊపారే గాని మొల నుంచి సంచి తీయలేదు. చివరికి తన గుర్రాలశాలలోని ఓబన్నకు పెద్ద తలపాగా చుట్టించి, ఉత్తరదేశపు వర్తకుడని చెప్పి పంపాడు. ఓబన్న ఠీవిగా వచ్చి చీర మీద చెయ్యి వేయగానే, ఎర్రక్క అతని మొహంలోకైనా చూడకుండా, "ఏం ఓబన్నా, మీ ఆడమనిషికి జ్వరం తగ్గిందా?" అని పలకరించింది. వీధంతా ఘొల్లుమంది. నాయకుడు మేడ తలుపులు మూయించుకున్నాడు.

ఇవి చాలవన్నట్టు అమ్మవారు కూడా మొండికేసింది. తెల్లవారి పూజారి వెళ్ళేసరికి ఆమె శిల నగరు వైపు కాక వాకిలి వైపు తిరిగి ఉండేది. మనుషుల చేత సరిగ్గా తిప్పించి పెడితే మర్నాటికి మళ్ళీ అంతే. పీఠానికి గచ్చు పోయించినా లాభం లేకపోయింది. ఆఖరికి నాయకుడు తానే మండపానికి వెళ్ళి, చుట్టూ జనమున్నారని కూడా చూడకుండా, "నీడ కల్పించినా, అరుగులు కట్టించినా, నిన్ను దుమ్ములో నుంచి తెచ్చి మండపంలో కూర్చోబెట్టినా. ఇంకేం చెయ్యమంటావు తల్లీ, నన్నే వచ్చి చీరలు మొయ్యమంటావా?" అని విసుక్కున్నాడు. అమ్మవారికి విసుగు అంతకు ముందే పుట్టి ఉంటుందని మా పెద్దలు చెబుతారు.

ఇలా ఉండగా ఉగాది ముందునాడు, సుంకం వసూలు ఎందుకు సున్నా అయిందో తేల్చుకుందామని నాయకుడు స్వయంగా వాకిలి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. దూరాన బిడారులు పాలవంక దిగి, కోట వైపు ఒకసారి చూసి, వాగు వెంట పక్కదారిన పోతున్నాయి. ఆ దుమ్ములో నుంచి ఒక ముసలి బాటసారి కర్ర పోటు వేసుకుంటూ వచ్చింది. కావలివాడు అలవాటు ప్రకారం సుంకం అడిగాడు. ఆమె వాడి వంక చూడలేదు, వాడి వెనక కూర్చున్న నాయకుడి వంక చూసింది.

"నేను కొనేదానికొచ్చినా నాయనా. గడప కాడనే పెరుక్కుంటే లోపల ఏం పెట్టి కొనేది?" అంది.

శాసనం శాసనమేనన్నాడు నాయకుడు, కంఠంలో విసురు దాచుకోకుండా. ఆమె కొంగు దులుపుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆమె కనుమరుగయ్యాక గాని ఆయనకు ఆ మాట గుచ్చుకోలేదు. అంతదాకా ఊళ్ళో ఉన్న సొమ్మునే ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చమని తాను జనాన్ని వేధించాడు, ఊళ్ళోకి రాబోయిన సొమ్మును మాత్రం తన వాకిలితోనే తోసేశాడు. మనిషిని పంపి వెతికించాడు. దారి మీద ఆమె అడుగుజాడ కూడా దొరకలేదు.

ఉగాది తెల్లవారింది. నేతగాళ్ళు మగ్గాలు విప్పి, అమ్ముడుపోని చీరలతో సహా బండ్లకెత్తారు, ముందుబండి పక్కన ఎర్రక్క కళ్ళు తుడుచుకుంటూ నడుస్తోంది. వాకిలి చేరేసరికి ఎద్దులు మొరాయించాయి. రెండు తలుపులూ ఊడి నేల మీద వెల్లకిలా పడి ఉన్నాయి, గడప నడుమ బోణెమ్మ శిల, ఊరికి వీపు పెట్టి, ముఖం బిడారుల దారి వైపు తిప్పి నిలిచి ఉంది. అమ్మను దాటి బండి తోలడానికి ఎవరికి చేతులొస్తాయి? అందరూ అక్కడే ఆగిపోయారు. అంతలో వాగు దాటిన బిడారొకటి, దారికి ఎదురుగా దేవతను చూసి, ఎద్దులను నిలిపి మొక్కడానికి వచ్చింది. బండ్ల మీది చీరల అంచులు ఎండకు మెరుస్తున్నాయి. బిడారు నాయకుడు ఒక నేరేడు రంగు చీర పట్టి చూసి, వెల ఎంతని అడిగాడు.

తిప్పానాయకుడు మేడ దిగి పరుగెత్తుకు వచ్చేసరికి ఎర్రక్క ఆ బోణీ సొమ్ము కళ్ళకద్దుకుంటోంది. సుంకం ఆ క్షణమే రద్దు చేస్తున్నానని ఆయన చాటించాడు. తలుపులు మళ్ళీ ఎత్తమంటారా అని వడ్రంగులు అడిగితే, "ఇంకా బుద్ధి రాలేదనుకుంటున్నారా నాకు?" అని కసురుకుని, వాటిని అమ్మవారి ముందే రాళ్ళ మీద పరిపించి, సరుకు పరిచే బల్లలుగా చేయించాడు. బండ్లు వెనక్కి తిరిగాయి. ఆ సాయంత్రం నేతవాడలో మగ్గాలు ఆడాయి.

నాటి నుంచి చింతలకోటకు బోణెమ్మకోట అని పేరు స్థిరపడింది. ఆ వాకిలికి నేటికీ తలుపులు లేవు. ఇనుప బొడిపెలున్న ఆ బల్లలు చేతుల రాపిడికి అద్దంలా నున్నబడ్డాయి, వాటి మీద మొదటి చీర పరిచి పొరుగూరి చేతితో బోణీ చేయిస్తే గాని ఉగాది సంత మొదలు కాదు. అమ్మవారి ముఖం చూడాలంటే ఊరివాళ్ళు వాకిలి దాటి, పరాయివాళ్ళలా దారి మీదికి వెళ్ళి నిలబడాలి. తిప్పానాయకుడు మాత్రం సిగ్గుపడి, బతికినన్నాళ్ళూ లోపలి నుంచి ఆమె వీపుకే మొక్కాడట. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు, అమ్మకు మన మీద కోపమా అని అడుగుతూ ఉంటారు. కోపం కాదు తల్లీ, మన ముఖాలు ఆమెకు తెలియనివా, కొనేవాళ్ళు వస్తున్నారేమోనని దారి చూస్తోంది అని అత్తలు చెబుతారు.