మూతికి పసుపు రాసుకున్న చేప

గనగళ్ల వారి ముగ్గురన్నదమ్ములకి తమ తెలివి మీద తగని నమ్మకం. పెద్దవాడు కొర్లయ్య, నడిపివాడు దానయ్య, చిన్నవాడు పోలరాజు. వానలో సముద్రంలోకి దిగితే తడుస్తామని గొడుగులు పట్టుకుని మరీ దిగేవాళ్ళు. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్ దీవికి వలసొచ్చిన ఆ పేట జనం వీళ్ళని చూసి పడీపడీ నవ్వేవారు.

"ఓర్వలేనితనంరా, తమ్ముడా!" అనేవాడు కొర్లయ్య. అనేవాడే గానీ, ఆ నవ్వులకి లోపల్లోపల కుమిలిపోయేవాడు పాపం.

ఒకనాడు పట్నంలోని చేపల ప్రదర్శనశాల నుంచి మేడంగారు వచ్చింది.

"పగడపు దిబ్బల్లో ఒక చేప ఉంటుంది. నల్లటి ఒళ్ళు, పొట్ట నిండా తెల్లటి చుక్కలు, మూతికి పసుపు రాసుకున్నట్టుంటుంది. ప్రాణంతో తెస్తే దాని గాజుతొట్టి మీద మీ ఇంటిపేరు పెద్దక్షరాలతో రాయిస్తాను. అయితే అది భయపడితే రాతి కన్నంలో దూరి, వీపు మీది ముల్లు లేపి బిగుసుకుంటుంది. లాగకండి, దెబ్బ తగులుతుంది. దేన్లో ఇరుక్కుంటే దాంతో సహా తీసుకొచ్చేయండి. నీళ్ళు మాత్రం ఒలకకూడదు. ప్రాణముందో లేదో చూసుకుంటూ ఉండండి."

ఇంటిపేరు! పెద్దక్షరాలతో! కొర్లయ్యకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

మర్నాడే చేప కనిపించింది. తరిమారు. రాతి కన్నంలో దూరి బిగుసుకుంది. అంతే, రాయినే ఎత్తుకొచ్చారు. ఖాళీ రేకు టబ్బుని ఏటవాలుగా ఇంట్లోకి పట్టించి, నిండా సముద్రపు నీళ్ళు పోసి, రాయి అందులో పెట్టారు.

"పేణముందేటి?" అంది కొర్లయ్య పెళ్ళాం సిత్తెమ్మ.

కన్నంలో చీకటి. కొర్లయ్య చెయ్యి పెట్టి తడిమాడు. చేప గుర్రుమని కసుక్కున కొరికింది. ఇంకేముంది, పిడికిలి బిగిసిపోయింది, చెయ్యి కన్నంలో ఇరుక్కుపోయింది!

"పేణముందే, సిత్తెమ్మా! నిచ్చేపంలా ఉంది!" అని కెవ్వుమన్నాడు.

"పిడికిలి ఇప్పుకుని సెయ్యి తీసెయ్, అన్నా," అన్నాడు దానయ్య.

"లాగొద్దన్నారు కదరా మేడంగారు. నేను కూడా రాయితో పాటే వత్తాను."

టబ్బు ఎత్తారు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పట్టలేదు. ఏటవాలుగా తిప్పితే నీళ్ళు ఒలుకుతాయి. తిన్నగా తోశారు. అంతే, టబ్బు ద్వారబంధంలో బిగుసుకుంది!

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. పోలరాజు గునపం తెచ్చాడు. ద్వారబంధం పెళ్ళగించేసరికి ముందుగోడ కూలింది, కప్పు ఒరిగింది.

"పోన్లే, ఇంక తలుపేసుకునే పన్నేదు," అంది సిత్తెమ్మ. "మన గుమ్మం కూడా పట్నం సూసొత్తది."

ద్వారబంధం, అందులో టబ్బు, టబ్బులో రాయి, రాతిలో చేప, చేప పక్కన కొర్లయ్య చెయ్యి. అన్నింటినీ సామాన్ల ఆటోకెక్కించారు. పేటంతా నవ్వుతూ వెనకే పరిగెత్తింది.

"నవ్వండర్రా, రేపు గాజుతొట్టి కాడ మా పేరు సూసి ఏడుద్దురు గాని!" అని అరిచాడు కొర్లయ్య.

ప్రదర్శనశాల గుమ్మంలోంచి తోశారు. సగం వెళ్ళింది. అంతే, ద్వారబంధం కాస్తా అక్కడి తలుపులో బిగుసుకుంది!

మేడంగారు పరిగెత్తుకొచ్చి నోరు తెరిచి నిలబడిపోయింది. అంతలో హడావిడి సద్దుమణగడం చూసి చేప తనంతట తానే ముల్లు వాల్చి, రాయికి అవతలి కన్నంలోంచి బయటికొచ్చి, పసుపు మూతితో టబ్బులో షికారు మొదలెట్టింది.

"అదిగో, వచ్చేసింది!" అని మేడంగారు వల పట్టుకొచ్చింది.

పోలరాజు అరచేత్తో చేపని గబుక్కున మళ్ళీ కన్నంలోకి తోసేశాడు. "ఇరుక్కున్నదాన్ని ఇరుక్కున్నట్టే తెమ్మన్నారు కదండీ! వల్లో ఎత్తితే మాట తప్పినట్టు కాదేటి?"

మేడంగారు తల పట్టుకుంది. "నాయనా, మీ ఇంటిపేరు ఇప్పుడే రాయిస్తాను. పక్కకి తప్పుకోండి చాలు!"

కొర్లయ్య మొహం చాటంతయింది. ఖాళీగా ఉన్న ఒక్క చేత్తోనే దణ్ణం పెట్టాడు. "సల్లంగుండు, తల్లీ. మాటిచ్చినాక పని సగంలో ఒగ్గీసే రకం కాదండీ మేము." తమ్ముడి వైపు తిరిగాడు. "ఒరే దానయ్యా, గునపం అందుకో. ఈ గుమ్మం కూడా పెకిలించాలి."

దానయ్య గునపం ఎత్తి, గోడకి ఆనించి, వినయంగా అడిగాడు.

"మేడంగారూ, దీన్ని ఎక్కడికి తీసుకురమ్మంటారు?"