వెయ్యి వరహాల ఆదా

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా ఊహ తెలియని కాలంలో, ఒక పెద్ద ఏటి పొడవునా ఏడు రాజ్యాలుండేవి. ఏడుగురు రాజులూ కలిసి ఒక కూటమి కట్టుకున్నారు. ఒకరి సరుకు మరొకరి పొలిమేర దాటితే సుంకం లేదు. అడవి దారికి ఉమ్మడి కావలి. ఏటి గట్టుకు ఉమ్మడి మరమ్మతు. ఇందుకు ఒక్కో రాజ్యం ఏటా వెయ్యి వరహాలు ఇచ్చేది.

వాటిలో ధవళగిరి రాజు జయకేతుడికి ఆ వెయ్యి వరహాలు కంట్లో నలుసయ్యాయి. బయటికొచ్చేస్తే ఏటా వెయ్యి మిగులుతుందని మంత్రి బలభద్రుడు రోజూ నూరిపోసేవాడు. బొక్కసం చూసే వకుళ మాత్రం ఒక్క నెల గడువిస్తే లెక్క చూసి చెబుతానంది. రాజు వినలేదు. ఆ వారమే కూటమికి తెగతెంపుల లేఖ పంపాడు.

మొదట కూటమి నుంచి జవాబు వచ్చింది. గట్టు పని సగంలో ఉంది, కావలివాళ్ళకు మూడేళ్ళ జీతం మీరూ ఒప్పుకున్నారు, మీ వాటా నాలుగు వేలు కట్టి వెళ్ళండి అని. రాజు పళ్ళు కొరుకుతూ కట్టాడు.

తరవాత పొలిమేరల్లో బళ్ళు ఆగాయి. సుంకం మీద సుంకం పడి ధవళగిరి బట్ట కొనేవాళ్ళు లేకపోయారు. మగ్గాలు మూలపడ్డాయి. ఉప్పు ధర మూడింతలైంది.

ఆపైన అడవి దారిలో కావలి ఎత్తేశారు. దొంగలు పడ్డారు. రాజు సొంత భటులను పెట్టుకునేసరికి బొక్కసం అడుగంటింది.

ఒకనాటి ఉదయం నేతగాళ్ళందరూ కోట గుమ్మం ముందు చేరారు. ఎవరూ కేకలు వేయలేదు. కదలకుండా నిలబడ్డారు.

బలభద్రుడు వకుళను పిలిచి, రాజ్యానికి లాభమే వచ్చిందని బురుజెక్కి చెప్పమన్నాడు. చెప్పకపోతే చెరసాలేనన్నాడు. రాజు తల వంచుకున్నాడు.

వకుళ బురుజెక్కింది.

"అయ్యలారా, లాభం లేదు. వెయ్యి మిగల్చబోయి ఈ ఏడాది పదకొండు వేలు పోగొట్టుకున్నాం."

భటులు బల్లేలతో ఆమె మీదికి వచ్చారు. రాజు చెయ్యెత్తి ఆపాడు.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పడానికే నెల గడువడిగాను, మహారాజా."

రాజు ఆనాడే బలభద్రుణ్ణి తొలగించి, వకుళను వెంటబెట్టుకుని తానే కూటమి సభకు వెళ్ళాడు. ఆరుగురు రాజుల ముందు తన తప్పు ఒప్పుకున్నాడు. వాళ్ళు మళ్ళీ చేర్చుకున్నారు. సుంకాలు పోయాయి, ఉప్పు బళ్ళు వచ్చాయి. కాని కట్టిన నాలుగు వేలు తిరిగి రాలేదు. మగ్గాలమ్ముకుని వలసపోయిన నలభై కుటుంబాలూ తిరిగి రాలేదు.

పిల్లలూ, కలిసి ఉండడానికయ్యే ఖర్చు ముందే కనిపిస్తుంది, దానివల్ల కలిగే మేలు విడిపోయాక గాని కనిపించదు. అందుకే బంధం తెంచుకునే ముందు ఇచ్చేదే కాదు, పొందేది కూడా లెక్కపెట్టుకోవాలి.