దడి గుంజకు గంప

సింగరమ్మ గారి పెరట్లో ఏ కోడి రెక్కలు జారేసి ఓ మూల నిలబడినా, ఆమె ముందుగా చేసే పని మందు వెతకడం కాదు. కోళ్ళను కప్పే పెద్ద గంప ఒకటి తీసుకెళ్ళి వీధి వైపు దడి గుంజకు బోర్లా తగిలించేది. ఆ గంప వేలాడినన్నాళ్ళూ ఆమె ఇంటి కోడి బయటికి పోదు, బయటి కోడి లోపలికి రాదు, అడగవచ్చిన వాళ్ళకు గుడ్డు కూడా ఇవ్వదు. మా ఊళ్ళో దీన్ని చూసి నవ్వని వాళ్ళు లేరు. తన ఇంటి దరిద్రాన్ని తనే దండోరా వేసుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని కుళాయి దగ్గర చెప్పుకునేవాళ్ళు. మా వైపు కోళ్ళకు తెగులొస్తే పైకి చెప్పరు. చెబితే ఆ తర్వాత ఊళ్ళో ఎవరి కోడి చచ్చినా నింద మన నెత్తినే పడుతుంది.

గురువంటే కాషాయం, పీఠం, పాదపూజ అనుకునే వాళ్ళు మా గురువైన ఈమెను చూస్తే మొహం తిప్పుకుని పోతారు. పోనీండి, వాళ్ళ ఖర్మ. ఆమె ముతక చీర ఎగ్గట్టి, తవుడు పిసుకుతూ ఉపదేశం చేసేది. మాకు సగం మాట చెప్పి, మిగతా సగం కోళ్ళకు చెప్పేది. పెద్దవాటికి తడి తవుడు, గుప్పెడు జొన్నలు. పిల్లలకు నూకలు, వాటితో పాటు చెదలు. ముందు రోజే ఓ పాత కుండలో ఎండు పేడా చిత్తుగడ్డీ కూరి, నీళ్ళు చిలకరించి, చెదలున్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా పట్టేవి. పిల్లలు పడి చావకుండా నీళ్ళ చిప్పలో నాలుగు గులకరాళ్ళు వేసేది. ఈ శ్రద్ధలో పావు వంతు మా మీద పెడితే ఎప్పుడో తరించేవాళ్ళం కదమ్మా అని నేనోసారి ఎగతాళి చేశాను. మీకు రోగమొస్తే నోరు తెరిచి చెప్పుకుంటారు, వాటి తరఫున ఎవరు చెబుతారు అంది. అప్పుడు ఆ మాట నా తలకెక్కలేదు.

ఒక గురువారం పొద్దున నలుగురం ఆమె అరుగు మీద ఉండగా ఏడుకొండలు వచ్చాడు. మా అందరిలో ఆఖరున చేరిన శిష్యుడు. అతనూ భార్యా ఇంట్లో కోళ్ళను పొదగేసి, పిల్లలను ఊరూరా తిరిగి అమ్ముకుని బతుకుతారు. ఆ రోజు సైకిలు వెనక వెదురు పంజరంలో అరవై పిల్లలున్నాయి. కొత్తపాలెం ఆడవాళ్ళు కోడిపిల్లలు కావాలని నెల కిందటే చెప్పి పెట్టుకున్నారు. సైకిలు దడి బయట ఎండలోనే ఆపి, వచ్చి, మంచినీళ్ళిస్తే కూడా ముట్టకుండా నిలబడ్డాడు.

"అమ్మా, ఎదుటివాళ్ళు అడగని మాట మనం చెప్పకపోతే, అది అబద్ధం కిందికి వస్తుందా?" అన్నాడు.

మాకది శాస్త్ర ప్రశ్నలా వినపడింది. మాలో రంగనాయకులు మాస్టారని ఒకాయన ఉండేవాడు, బడి వదిలినా పాఠం వదలని మనిషి. ఆయన వెంటనే నోటితో ఆడే అబద్ధం వేరు, మనసుతో ఆడేది వేరు అని మొదలుపెట్టాడు. నేనూ సిగ్గు లేకుండా నాకు తోచిందేదో కలిపాను. చదివే మీకు మాత్రం ముందే చెప్పేస్తాను. ఆ తెల్లవారుజామున ఏడుకొండలు ఇంట్లో రెండు పెట్టలు మెడలు మెలితిరిగి పడిపోయాయి. కొక్కెర తెగులు, ఊరు ఊరంతా అంటుకునే రోగం. పంజరంలో పిల్లలు చూడటానికి బాగానే ఉన్నాయి. అవి అమ్ముడుపోకపోతే ఆ మొగుడూ పెళ్ళాల ఎండాకాలం కష్టమంతా మట్టిపాలు. అమ్ముడుపోతే కొత్తపాలెంలో ప్రతి పెరడూ మట్టిపాలు. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. సింగరమ్మ గారు మాత్రం అతని పంచె అంచుకు అంటిన, తెగులు కోళ్ళు వేసే ఆకుపచ్చ రెట్ట వంక ఒక్కసారి చూసింది. లేచి వెళ్ళి తన కోళ్ళను గూట్లోకి తోలి, తలుపేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. తర్వాత మాస్టారిని ఇక చాలు అని ఆపి, నలభై ఏళ్ళ కిందటి సంగతి చెప్పింది.

అప్పటికి ఆమెకు దీక్ష లేదు, గురువూ లేడు. కాపురం, కోళ్ళు, అంతే. ఆమె చెల్లెలు పేరమ్మది మూడు కోసుల దూరంలో ఊరు. మొగుడు పోయాడు, మిగిలింది పదహారేళ్ళ కూతురు నాగేంద్రం. ఆ పిల్లకు క్షయ. మందులు ఆసుపత్రి వాళ్ళే ఇస్తున్నారు, రోజూ గుడ్డు పెట్టమని కూడా చెప్పారు. పేరమ్మ అందుకోసమే పదకొండు పెట్టలను సాకుతోంది. తను గంజి తాగి, నూకలు వాటికి వేసేది. ఆ గుడ్లతో పిల్ల ఒళ్ళు కాస్త తిరిగింది, మంచం దిగి గుమ్మం దాకా నడుస్తోంది.

ఆ రోజుల్లో సింగరమ్మ ఇంట్లో తెగులు పడింది. రెండు రోజుల్లో నాలుగు కోళ్ళు పోయాయి. ఇలాంటప్పుడు మా వైపు అందరూ చేసే పనే ఆమె చేసింది. గాలి మారితే బతుకుతాయని, బాగున్న కోళ్ళను ఏరి గంపలో పెట్టి చుట్టాలింటికి చేర్చడం. ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా అయిదు పెట్టలను నెత్తిన పెట్టుకుని నడిచి చెల్లెలింటికి పోయింది. అయిదూ నిగనిగలాడుతున్నాయి. గంప దించగానే పేరమ్మ మొహం వెలిగిపోయింది. పిల్లకు గుడ్లకని తెచ్చావా అక్కా అంటూ చేతులు పట్టుకుని ఏడ్చింది. సింగరమ్మ అవుననలేదు, కాదనలేదు. అన్నం పెడితే తిని వచ్చేసింది. పేరమ్మ తన కోళ్ళను పక్కకు తోలి మరీ, అక్క కోళ్ళకు ముందు గింజలు చల్లిందట.

వారం తిరిగేసరికి ఆ అయిదూ పోయాయి. తర్వాత పేరమ్మ పదకొండూ పోయాయి, వాటి పిల్లలూ పోయాయి. అటుపైన వీధి వీధంతా అంటుకుంది. పేరమ్మ గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగింది, ఒక్క గుడ్డయినా ఇవ్వమని. ఇవ్వడానికి ఊళ్ళో కోడంటూ మిగిలితే కదా. నాగేంద్రం మళ్ళీ మంచం పట్టింది, వానాకాలం దాటలేదు. గుడ్లు లేకనే పోయిందని నేనూ అననులే, జబ్బు ముదిరిందని డాక్టరన్నాడు అంది సింగరమ్మ గారు. కానీ గుమ్మం దాకా నడిచిన పిల్ల నడవడం మానేసిన రోజేదో నాకు తెలుసు అంది.

పేరమ్మ ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఎక్కడ నలుగురు చేరినా ఒకటే మాట చెప్పేదట. మా అక్క కడుపు మాడ్చుకుని అయిదు కోళ్ళిచ్చింది, నా పిల్లకే రాసిపెట్టి లేదు అని. పక్కన కూర్చుని సింగరమ్మ ఆ మాట వినేది. చెబుదామని నోటిదాకా వచ్చేది, మింగేసేది. చివరికి పేరమ్మ ఆ పొగడ్తతోనే పోయింది.

"పేరమ్మ నన్ను ఏ రోజూ అడగలేదు నాయనా. అడగలేదు కాబట్టి నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు," అంది.

మాస్టారు కండువా సర్దుకున్నాడు. నేను తల దించుకున్నాను. దడి బయట పంజరంలో పిల్లలు ఎండకు కీచుకీచుమంటున్నాయి. ఏడుకొండలు అటు చూశాడు. భార్య గుర్తొచ్చిందో, కొత్తపాలెం గుర్తొచ్చిందో, కళ్ళు తుడుచుకున్నాడు. చివరికి, తనకే వినపడనంత మెల్లగా, "అవి ఇంకా బాగానే ఉన్నాయమ్మా," అన్నాడు.

"నా అయిదూ బాగానే ఉన్నాయి."

ఆమె లేచి వసారాలో చూరుకున్న పెద్ద గంప దించి, దుమ్ము దులిపి, అతని చేతుల్లో పెట్టింది.

"ముందు వాటిని నీడకు జరిపి నీళ్ళు పెట్టు. ఇంటికి పోయేటప్పుడు ఇది పట్టుకుపో. నా గుంజకు ఇంకోటి ఉంది."