ఆకు గది దాటలేదు

రేగులకోటను ఏలే ఎర్రపరాజుకు పందేలంటే ప్రాణం. తీర్పు చెప్పాల్సిన చోట కూడా పందెం పెట్టేవాడు. అదేం బుద్ధో గానీ, ఆ రోజు కుమ్మరుల పెద్ద గురవమ్మ కళ్ళనీళ్ళతో కొలువులో నిలబడితే, ఆమె గోడునూ పందెం చేసి కూర్చున్నాడు.

"దొరా, మా చెరువులో మట్టి తీయకుండా కొత్త మునసబు గట్టంతా ముళ్ళకంప వేయించాడు," అంది గురవమ్మ. "మట్టి తీసుకొమ్మని మీ ముత్తాతగారు మాకు శాసనం రాసిచ్చారు. దాని నకలు రేపు పొద్దుగూకేలోగా చూపించకపోతే చెరువు వేరేవాళ్ళకు కౌలుకిస్తాడంట. కుండలు చేసే సారెలు ఆగిపోయినయి దొరా. ఇళ్ళల్లో పొయ్యి వెలగట్లేదు."

ఆ శాసనం కోటలో దస్తావేజుల గదిలో ఉంది. గదికి అధికారి అనంతాచార్యులు.

"ఉంది. కానీ ఇవ్వడం కుదరదు," అన్నాడాయన మీసం సవరించుకుంటూ. "పెద్ద ప్రభువుల కట్టడి. రాసిన తాటాకు గది దాటి బయటికి రాకూడదు. రాసే గంటం గదిలోకి రాకూడదు."

"మీకు ప్రతి ఆకూ కంఠతా వచ్చుగా స్వామీ! మీరు చెప్పండి, బయట కూర్చుని రాసుకుంటాం," అన్నాడు కొలువులో హాస్యగాడు చినవెంగన.

"అడిగినవాళ్ళందరికీ చెప్పుకుంటూ పోతే ఇక నా గడప తొక్కేదెవరయ్యా?"

అసలు సంగతి అదీ! కట్టడి పేరు పెద్ద ప్రభువులది, బెట్టు మాత్రం ఆచార్యులది.

రాజు తొడ చరిచాడు. "తాతగారి కట్టడి నేను దాటను. ఆచార్యులవారిని బలవంతపెట్టను. రేపు కొలువు ముగిసేలోగా కట్టడి తప్పకుండా నకలు సంపాదించి, అది సరైనదేనని ఆచార్యుల నోటే అనిపించినవాడికి నా పట్టుశాలువా!"

ఆ సాయంత్రం వెంగన గురవమ్మ వాకిట్లో కూర్చుని, ఆ శాసనం గురించి వాళ్ళ పెద్దలు ఏమేం చెప్పేవారో అంతా విన్నాడు. విన్నది విన్నట్టు రాయకుండా, ఎక్కడికక్కడ చెడగొట్టి ఒక తాటాకు మీద రాసుకున్నాడు. ఎందుకంటే ఆచార్యుల సంగతి ఊరందరికీ తెలుసు. తప్పు చెవిన పడితే ఆయన ఊరుకోలేడు. సొంత మేనల్లుడి పెళ్ళిలో పురోహితుణ్ణి ఆపి మంత్రాలు దిద్దుతూ కూర్చుంటే ముహూర్తం కాస్తా దాటిపోయింది.

మర్నాడు వెంగన కొలువులో ఆకు విప్పి గొంతెత్తాడు.

"మహాప్రభూ, శాసనం దొరికింది! వినండి. 'పడమటి చెరువులో కుమ్మరులు...'"

"పడమటిదా? తూర్పు చెరువయ్యా!" అన్నాడు ఆచార్యులు.

"అలాగా? 'తూర్పు చెరువులో కుమ్మరులు వేసవిలో మాత్రమే మట్టి...'"

"ఎవడన్నాడు? 'నీరు తగ్గిన ప్రతిసారీ' అని ఉంది!"

"'బదులుగా ఉగాదికి కోటకు కుండలు ఇచ్చి...'"

"కుండలు కావు, ప్రమిదలు! ఉగాదికి కాదు, దీపావళికి! ఈ చెత్త ఎక్కడ దొరికిందయ్యా నీకు?"

ఆయన అరిచినప్పుడల్లా వెంగన బుద్ధిగా కొట్టేసి పైన దిద్దుకుంటున్నాడు. ఆచార్యులకు అది పట్టించుకునే తీరికేదీ? ముఖం కందగడ్డయిపోయింది.

"'ఇది రాసినవాడు వంటశాల గుమాస్తా కొండయ్య.'"

ఆచార్యులు ఆసనం మీంచి ఎగిరి దూకాడు. "మా ముత్తాత శఠగోపాచార్యులు! ఆయన స్వహస్తాలతో రాసింది! దిద్దు ముందు! మొదట్నించీ మళ్ళీ చదువు!"

వెంగన నింపాదిగా మొత్తం చదివాడు. ఆచార్యులు కళ్ళు మూసుకుని తల ఊపుతూ విన్నాడు. చివరికి హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయింది. మూలానికీ దీనికీ ఒక్క అక్షరం తేడా లేదు!"

"సభవారు విన్నారుగా?" అంటూ వెంగన ఆకును రాజు ముందుంచి చేతులు జోడించాడు.

"ఆకు గది దాటలేదు ప్రభూ, గంటం గదిలోకి పోలేదు. ఆచార్యులవారే గది దాటి వచ్చి నకలు చేసిపెట్టారు!"

కొలువంతా గొల్లుమంది. రాజు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. ఆఖరికి ఆచార్యులు తానూ ఫక్కున నవ్వేశాడు. "ముద్ర ఇలా తెండి," అని తానే అడిగి వేశాడు.

రాజు శాలువా తీసి వెంగన భుజాల మీద కప్పాడు.

గురవమ్మ ఆకును కళ్ళకద్దుకుంది. "చల్లగా ఉండు నాయనా," అని వెంగన తల నిమిరి, పలుగూ పారా సిద్ధం చేయించడానికి గబగబా చెరువు దారి పట్టింది.