లుప్తమగును

తణుకులో మార్కండేయులు అనే తెలుగు లెక్చరరు ఉండేవాడు. అందరికీ తెలిసిన మాట తన నోట వస్తే తన చదువుకే చిన్నతనమని ఆయన గట్టి నమ్మకం. హోటల్లో వేడినీళ్లు కావాలంటే "ఉష్ణోదకం తే నాయనా" అనేవాడు. సర్వరు లోపలికెళ్లి, అలాంటి టిఫిను మన దగ్గర ఉందా అని వంటవాణ్ణి అడిగి వచ్చేవాడు. ఇంట్లో భార్య విశాలాక్షి మాత్రం "ఆ మాటేదో తెలుగులో చెప్పండి, అవతల పాలు పొంగుతున్నాయి" అని విసుక్కునేది. ఇంతవరకు నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఇంతటితో ఆగి ఉంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

ఆయన చెడ్డవాడు కాడు. పైగా ఒక మంచి పని నెత్తికెత్తుకున్నాడు. ముంగిలి అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. కంప్యూటర్ ఎంత మంచిదైనా దాన్ని నడిపించే ప్రోగ్రాం ఒకటి లోపల ఉండాలి కదా, అలాంటిదన్నమాట. ముంగిలికి యజమాని అంటూ ఎవరూ లేరు. కొనక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఎక్కడెక్కడివాళ్లో తీరిక వేళల్లో తలా కాస్త రాసి, ఒకరి తప్పు ఒకరు దిద్ది, దాన్ని నిలబెట్టుకొస్తున్నారు. ఎవరైనా సరే ఒక మార్పు పంపవచ్చు. ఆ భాగం చూసుకునే మనిషి ఒప్పుకుంటే అది అందరి కంప్యూటర్లలోకీ వెళుతుంది. తెర మీది మాటలను తెలుగులోకి తెచ్చే భాగం మార్కండేయులుది. ఏళ్ల తరబడి ఆదివారాలన్నీ ఆయన దానికే ధారపోశాడు. ఆ శ్రమను తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు.

కానీ ఆ తెలుగు చదివి కంప్యూటర్ అమర్చుకోవడం ఎవరి తరమూ కాలేదు. ముంగిలిని కొత్తగా ఎక్కించేటప్పుడు అది ఒక ప్రశ్న అడుగుతుంది. డిస్కులో ఉన్న పాతవన్నీ తీసేసి ఎక్కించాలా, వాటిని అలాగే ఉంచి ఎక్కించాలా అని. మొదటిదానికి మార్కండేయులు "డిస్కును సంస్కరించి స్థాపించు" అని రాశాడు. దాని కింద హెచ్చరికగా చిన్న అక్షరాలతో "పూర్వ దత్తాంశము లుప్తమగును" అని రాశాడు. రాసి, రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాడు.

ప్రొద్దుటూరులో షమీమ్ అనే అమ్మాయి కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఆమె కూడా ముంగిలి వాలంటీరే. ఆ వాక్యం చూసి ఒక మార్పు పంపింది. "డిస్కులో ఉన్నవన్నీ చెరిపేసి కొత్తగా ఎక్కించు. చెరిపేస్తే మళ్లీ రావు" అని అందులో ఉంది. మార్కండేయులు దాన్ని తోసిపుచ్చాడు. ఆమె ఊరుకోలేదు, ఫోన్ చేసింది.

"సార్, మా క్లాసులో అందరినీ అడిగి చూసినా. సంస్కరించడమంటే బాగుచేయడమే కదా అంటాండారు. ఎవరన్నా తెలీక నొక్కేస్తే ఎట్ల సార్?"

"చెరిపేయడం పలక మీది మాటమ్మా" అన్నాడు మార్కండేయులు. "ఒకటో తరగతి పిల్లలు బలపంతో రాసి చెరిపేస్తారు. ఇది శాస్త్రం. దీనికో భాష ఉండాలి. అర్థం కానివాళ్లు నిఘంటువు చూసుకుంటారు."

"నిఘంటువు పక్కన పెట్టుకుని కంప్యూటర్ ముందర ఎవరు కూర్చుంటారు సార్?"

"కూర్చోవాలి. నేర్చుకోవాలి. అన్నీ అరటిపండు ఒలిచి చేతిలో పెడితే ఎలాగమ్మా?"

షమీమ్‌కు కోపం వచ్చింది. "వాళ్లు నేర్చుకునే లోపల పోయేది మీ సొమ్ము కాదు కదా సార్" అని ఫోన్ పెట్టేసింది. మర్యాద తెలియని పిల్ల అని మార్కండేయులు అనుకున్నాడు. ఆ వాక్యం అలాగే ఉండిపోయింది.

ఇక్కడ పలాస సంగతి చెప్పాలి. పలాసలో వినలేని పిల్లల కోసం ఒక చిన్న బడి ఉండేది. సలోమి అక్కడ టీచరు. ఆ పిల్లలు చేతులతో మాట్లాడుకుంటారు. పుస్తకాల్లో ఉన్న సైగలు కొన్ని. వాటిలో లేనివి పిల్లలే కల్పించుకున్నారు. జీడిపిక్కకు బొటనవేలు వంచి చూపిస్తారు. చద్దన్నానికి ఒక సైగ, మేనత్తకు ఒక సైగ, వాన కురిసేలా ఉందనడానికి ఒక సైగ. సలోమి ఒక్కో సైగను ఒక్కో పిల్ల చేత చేయించి ఫోన్‌తో వీడియో తీసేది. ఫోన్‌లో చోటు చాలక, కంప్యూటర్‌లోకి ఎక్కించగానే ఫోన్‌లోంచి తీసేసేది. అలా ఏళ్లకేళ్లు పోగుచేసింది. ఎవరి కోసమంటే, ఆ పిల్లల తల్లుల కోసం.

ఆ తల్లుల్లో అప్పలనరసమ్మ ఒకతె. జీడిపిక్కలు ఒలిచే పని ఆమెది. జీడి కారి వేళ్లన్నీ నల్లబడిపోయాయి. కూతురు పైడితల్లి ఆ బడిలోనే ఉండి చదువుకుంటోంది. ఆ పిల్ల బడిలో తోటివాళ్లతో చేతులు ఆడిస్తూ గలగలా కబుర్లు చెబుతుంది. ఇంటికి వెళితే ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. అక్కడ ఆమె మాట తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

"దాని మనసులో ఏటుందో నాకు తెల్దు టీచరమ్మా" అనేది అప్పలనరసమ్మ. "ఆకలేత్తే కంచం సూపిత్తాది. నొప్పెడితే ఏడుత్తాది. కన్నబిడ్డతో కబురాడ్డం ఎలాగో నాకు నేర్పమ్మా, నీకు పున్నెముంటాది."

ఆ వేసవిలో ఫ్యాక్టరీకి కొన్నాళ్లు సెలవు. తల్లులు బడికి వచ్చి, వీడియోలు చూసి సైగలు నేర్చుకుని, ఆ తర్వాత పిల్లలను ఇంటికి తీసుకెళ్లేలా సలోమి ఏర్పాటు చేసింది. ఆ ఒక్క వేసవిలోనైనా పైడితల్లికి ఇంట్లో మాట్లాడే మనిషి ఉండాలని ఆమె కోరిక. కానీ బడి కంప్యూటర్ పాతబడి ఒక్కో వీడియోకూ ఆగిపోతోంది. ముంగిలి వేస్తే చురుగ్గా నడుస్తుందని, అంతా తెలుగులోనే ఉంటుందని ఎవరో చెప్పి, పెన్‌డ్రైవ్ ఇచ్చారు. ఇంకొకరిని బతిమాలే పని లేదు కదా అని సలోమి సంతోషపడింది.

పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్కించడం మొదలుపెట్టింది. "డిస్కును సంస్కరించి స్థాపించు" అన్న మాట దగ్గర ఆగింది. డిస్కులో లోపమేదో ఉంది, దాన్ని సరిచేస్తుంది కాబోలు అనుకుంది. తొందరపడే మనిషి కాదు కాబట్టి కింది చిన్న అక్షరాలు కూడా చదివింది. పూర్వ దత్తాంశము లుప్తమగును. దత్తాంశమంటే లోపల ఉన్నవని కష్టం మీద ఊహించింది. లుప్తం అన్న మాట ఆమె జన్మలో వినలేదు. గుప్తం మాత్రం తెలుసు. కంటికి తెలిసిన మాటే కనిపించింది. పాతవన్నీ గుప్తంగా దాచిపెడుతుందన్నమాట, మంచిదే అనుకుని నొక్కింది.

ముంగిలి చక్కగా ఎక్కింది. కంప్యూటర్ చురుగ్గా నడిచింది. వీడియోలు మాత్రం లేవు. సలోమి కంగారు పడలేదు. ఎక్కడో దాచి ఉంటుంది, అడిగితే చెబుతారు అనుకుంది. చివర్లో తెర మీద "తెనిగించినవారు: మార్కండేయులు" అని, కింద ఆయన ఫోన్ నంబరు ఉన్నాయి. ఫోన్ చేసింది.

"నమస్కారం సార్. పలాస నుంచి, సలోమి అని టీచర్ని. మీరు తెలుగులో పెట్టి చాలా మేలు చేశారు సార్. ఎవరి సాయమూ లేకుండా నేనే ఎక్కించుకున్నాను."

మార్కండేయులు పొంగిపోయాడు. "ధన్యుణ్ణి తల్లీ" అన్నాడు.

"చిన్న సందేహం సార్. పాతవి గుప్తంగా ఉంటాయని రాశారు కదా. అవి ఎక్కడ దాస్తుంది సార్? మా పిల్లల వీడియోలు ఉన్నాయి. చెబితే తీసుకుంటాను."

"గుప్తమా? నేనలా రాయలేదే. అది లుప్తమమ్మా."

"ఓహో. లుప్తమంటే ఏంటి సార్?"

ఆ వీడియోలు ఏమైపోయాయో మార్కండేయులుకు అప్పుడు తట్టింది. "లుప్తమనగా... లోపించుట" అన్నాడు.

"లోపమా సార్? బాగుచేయొచ్చా?"

"అది కాదమ్మా. అంతర్హితమగుట."

"లోపలే ఉన్నాయా సార్? అయితే ఫర్వాలేదు."

అంతర్హితమంటే మాయమవడం, ఆమెకు మాత్రం అందులో లోపల అన్నదే వినిపించింది. ఆయన ఏ పెద్ద మాట చెప్పినా ఆమెకు అందులో ఒక ఆశ కనిపిస్తోంది. ఆ ఆశను తుంచకుండా తప్పించుకునే దారి ఆయనకు దొరకలేదు. జీవితమంతా పోగుచేసుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. చివరికి, వద్దని తోసిపుచ్చిన మాటే ఆయన నోట వచ్చింది.

"చెరిగిపోయాయమ్మా. అన్నీ చెరిగిపోయాయి."

సలోమి మెల్లగా అడిగింది. "సంస్కరించు అంటే బాగుచేయడం కదా సార్? మేం చదువుకున్న తెలుగులో అంతే కదా?"

పోయినవాళ్లకు చేసే కార్యాన్ని కూడా సంస్కారమే అంటారని అప్పుడు మార్కండేయులుకు గుర్తొచ్చింది.

వెంటనే షమీమ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. నేను ముందే చెప్పినా కదా అని ఆమె దెప్పలేదు. "ముందు ఆ కంప్యూటర్ ఆపేయమని చెప్పండి సార్. ఇంకేమీ తాకొద్దనండి" అంది. శ్రీకాకుళంలో ఉన్న ఒక వాలంటీరును అప్పటికప్పుడు పలాస పంపింది. అతను డిస్కు విప్పి, తనకు తెలిసిన ప్రయత్నాలన్నీ చేశాడు. పాత వీడియోల చోట కొత్త సిస్టమ్ వచ్చి కూర్చుంది. ఏవో కొన్ని ముక్కలు మాత్రం చేతికొచ్చాయి.

మార్కండేయులు ఇంట్లో ఉండలేకపోయాడు. రైలెక్కి పలాస వెళ్లాడు. ఆయన బడిలో అడుగుపెట్టేసరికి తల్లులు వచ్చి ఉన్నారు. సలోమి కళ్లు వాచి ఉన్నాయి. పెద్ద తరగతి పిల్లలు చదువు ముగించుకుని తలా ఒక ఊరికి పనులకు వెళ్లిపోయారు. వాళ్లు కల్పించిన సైగలు మళ్లీ ఎవరు చూపిస్తారు? చిన్నపిల్లలకు అన్నీ తెలియవు. ఇదంతా తల్లులకు ఎలా చెప్పాలో ఆమెకు తోచడం లేదు.

అప్పలనరసమ్మ కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఖాళీగా ఉన్న తెర వైపు చూపించి, ఏమైందన్నట్టు నల్లటి వేళ్లు తిప్పింది. పైడితల్లి ఎడమ అరచేతిని పలకలా పట్టుకుంది. కుడిచేత్తో దాని మీద ఒక్కసారి అడ్డంగా తుడిచింది. ఖాళీ అరచేతిని తల్లికి చూపించింది.

ఆ తల్లికి ఒక్క సైగా రాదు. కంప్యూటరు సంగతి అసలే తెలియదు. అయినా వెంటనే అర్థమైంది.

"సెరిపీసినారేటి?" అంది గాభరాగా. "అన్నీ సెరిపీసినారా? ఎవులు సెరిపీసినారమ్మా?"

"నేనే నర్సమ్మా" అంది సలోమి తల వంచుకుని. "తెలియక నొక్కాను."

మార్కండేయులు ముందుకు వచ్చాడు. "టీచరుగారి తప్పేమీ లేదమ్మా. అక్కడ చెరిపేయి అని రాసి ఉంటే ఆవిడ నొక్కేది కాదు. రాయమని ఒకమ్మాయి చెప్పింది కూడా. పలక మీది మాట అని నేనే రాయలేదు. చెరిపింది నేను" అన్నాడు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి.

అప్పలనరసమ్మ ఆయన్ను తిట్టలేదు. తిడితే ఆయనకు కాస్త తేలికయ్యేది. ఆమె కూతురి చేయి పట్టుకుని ఆ సైగను తానూ చేసింది. అరచెయ్యి చాచడం, తుడవడం, ఖాళీ చెయ్యి చూపించడం. తల్లి తన మాట మాట్లాడిందని పైడితల్లి ముఖం వెలిగింది. ఆ తల్లి తన బిడ్డ దగ్గర నేర్చుకున్న మొదటి మాట అదే అయింది, చెరిగిపోయాయి అన్న మాట.

అక్కడ ఉన్న పిల్లలతో సలోమి మళ్లీ వీడియోలు తీయడం మొదలుపెట్టింది. ఈసారి రెండు చోట్ల దాచింది. కొన్ని సైగలు తిరిగి వచ్చాయి. మేనత్త సైగ ఎవరికీ గుర్తు లేదు. వాన కురిసేలా ఉందనే సైగను ముగ్గురు పిల్లలు మూడు రకాలుగా చూపించి వాదించుకున్నారు. అప్పలనరసమ్మ వచ్చినన్ని నేర్చుకుని కూతుర్ని ఇంటికి తీసుకెళ్లింది. అనుకున్నవాటిలో అవి సగం కూడా లేవు.

మార్కండేయులు తణుకు వచ్చి, ముంగిలిలో తాను రాసిన వాక్యాలన్నీ మళ్లీ తిరగేశాడు. ప్రతి వాక్యమూ ముందు విశాలాక్షికి చదివి వినిపించేవాడు. ఆ వాక్యం ఏం చేయమంటోందో ఆమె చెప్పగలిగితేనే అది ఉండేది. లేదంటే కొట్టేసి మళ్లీ రాసేవాడు. షమీమ్ పంపిన వాక్యాన్ని అక్షరం మార్చకుండా, ఆమె పేరుతోనే పెట్టాడు. పెట్టి, ఆమెకు ఫోన్ చేసి చెప్పాడు.

"ఇప్పుడు బాగుంది సార్" అంది షమీమ్. మళ్లీ తనే, "అప్పుడే పెట్టింటే ఇంకా బాగుండు" అంది.

"నిజమేనమ్మా" అన్నాడు మార్కండేయులు. ఈసారి ఆయన ఏ పెద్ద మాటా వెతకలేదు.

చదివే పిల్లలూ, పెద్దలూ, ఇది మనసులో పెట్టుకోండి: ఎంత ఉచితంగా, ఎంత శ్రమపడి చేసినా సరే, అవతలివాళ్లకు అర్థం కాకుండా చేసిన మేలు కీడే అవుతుంది.