దొరకని నాలుగు గుండ్లు

ఒక సంస్థానంలో ఏటా తుపాకీ పందెం జరిగేది. గెలిచినవాళ్ళకు రాజావారు వెండిబిళ్ళ ఇచ్చేవారు. ఆ బిళ్ళ ఎలాగైనా సంపాదించాలని నూకాలు మూడేళ్ళు పాత తుపాకీతో గురి నేర్చుకుంది. గురిబల్లల వెనక మట్టికట్ట తవ్వి, పేల్చిన సీసపు గుండ్లన్నీ ఆయుధశాలకు అప్పజెప్పడం ఆమె పని. ఒక్కటి తగ్గినా కొరడా దెబ్బలే.

ఆ ఏడు ఆమె అయిదు గుండ్లూ నల్లచుక్కలోనే కొట్టింది. తర్వాత సంస్థానం సేనను నడిపే దళవాయి అయిదు పేల్చాడు. అతని బల్లకు ఒకటే చిల్లు పడింది.

"అయిదూ ఒకే చిల్లులోంచి పోయాయి. ఇంతకు మించిన గురి ఉంటుందా?" అంటూ మీసం దువ్వాడు. కాదనే ధైర్యం ఎవరికుంది? రాజావారు బిళ్ళ చేతిలోకి తీసుకున్నారు.

నూకాలు గడ్డపారతో వెళ్ళి, కాసేపటికి ఒక్క గుండుతో తిరిగొచ్చింది.

"దొరా, పొద్దుగూకేలోగా మీ అయిదు గుండ్లూ అప్పజెప్పాలి. ఆ చిల్లు వెనక ఎంత తవ్వినా ఒకటే దొరికింది. మిగతా నాలుగూ ఎక్కడ తవ్వమంటారు?"

దళవాయి చూపు పక్క జొన్నచేను మీదికి పోయింది.

రాజావారు బిళ్ళ నూకాలుకిచ్చి, ఆమె చేతిలోని గడ్డపార దళవాయికి ఇప్పించారు.