గుమ్మడికాయ కప్పుకున్న బూడిద

ఒకప్పుడు బూడిద గుమ్మడికాయ మీద చిటికెడు బూడిద కూడా ఉండేది కాదు. నూనె రాసి దువ్విన తలలా నున్నగా, పచ్చగా మెరిసిపోయేది. అందరూ దాన్ని పచ్చగుమ్మడి అనేవారు. మీరు నమ్మకపోతే నేనేం చేయలేను. ముందు కథ వినండి, తరవాత పోట్లాడుకుందాం.

ఆ రోజుల్లో ఒక కొండమీద ఒక ఊరుండేది. ఊరికి దిగువన అందరికీ కలిపి ఒకటే తోట. ఆ తోటని మడులుగా చేసి పంచుకునేవారు. ఒకరి మడిలో వంగ, ఇంకొకరి మడిలో చిక్కుడు, మరొకరి మడి చుట్టూ బంతి, చేమంతి. అయితే ఊళ్ళో ఇళ్ళు ఎక్కువ, తోటలో మడులు తక్కువ. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఉగాది పొద్దుటికి ఏ మడిలో ఒక్క పువ్వు కూడా పూయదో, ఆ మడిని వేరే ఇంటికి ఇచ్చేయాలి. ఎంత ఏడ్చినా లాభం లేదు.

ఆ ఏడు ఎర్నమ్మకి మడి వచ్చింది.

ఎర్నమ్మ ఒంటరి మనిషి. మడి కోసం చూసీ చూసీ ఆమె జుట్టు నెరిసిపోయింది. అన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళే ఆమెకి కూరలు ఇచ్చేవారు. ఒకరు రెండు వంకాయలు, ఇంకొకరు గుప్పెడు చిక్కుళ్ళు. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ దెప్పలేదు. అదే ఆమెకి బాధ. తీసుకుని తీసుకుని ఆమె చేతులు మొహమాటపడిపోయాయి. ఒక్కసారైనా తన మడిలో పండింది ప్రతి ఇంటికీ ఇవ్వాలని ఆమె కోరిక.

"ఏ ఇత్తనం ఏస్తావమ్మా?" అని అడిగాడు గవరయ్య. మడులు పంచే పెద్దమనిషి ఆయనే. పక్క మడి కూడా ఆయనదే.

"గుమ్మడి ఏస్తానన్నా. ఒక్క కాయ కోస్తే ఊరందరికీ ముక్కలొస్తాయి కదా," అంది ఎర్నమ్మ.

గింజ మొలిచింది. రెండాకులు వేసింది. సరిగ్గా అప్పుడే చిక్కొచ్చి పడింది.

ప్రతి ఏడూ శివరాత్రి దాటగానే చలి తన మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయేది. ఆ ఏడు వెళ్ళలేదు. తోట కంచెమీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. సూర్యుడు కొండెక్కి వచ్చి "ఇంకా ఉన్నావా?" అని అడిగితే, "ఉన్నాను, నీకేం?" అంది. సూర్యుడు మెతకవాడు. మబ్బు చాటుకి జారుకున్నాడు.

తోటంతా గోల మొదలైంది.

"నా మొగ్గ విప్పుకోవడం లేదు," అంది బంతి.

"నా వేళ్ళు కొంకర్లు పోయాయి. పందిరి పట్టుకుంటే జారిపోతున్నాను," అంది చిక్కుడు తీగ.

వంగ ఏమీ అనలేదు. చలికి నీలం పట్టి నోట మాట రాలేదు పాపం.

ఊళ్ళోవాళ్ళు డప్పులు తెచ్చి చలిని తరమబోయారు. చలికి డప్పు నచ్చింది, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంది. నెగళ్ళు వేశారు. మంట ఉన్నంతసేపు కంచె దిగి అవతల నిలబడింది, మంట ఆరగానే మళ్ళీ ఎక్కి కూర్చుంది. చివరికి వాళ్ళకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఆ ఊళ్ళో వణికే పిల్లలకి వేడినీళ్ళు పోసేవారు. అదే వైద్యం మొక్కలకీ చేద్దామనుకుని, బిందెలతో కాగిన నీళ్ళు తెచ్చి మొదళ్ళలో పోశారు.

"అయ్యో, నన్ను తోటలోనే వండేస్తున్నారు," అని చిక్కుడు తీగ కేకలు పెట్టింది. ఇంతా చేస్తే ఆ పూట రెండు చిక్కుడు పాదులు ఉడికిపోయాయి. మరి తెలివి ఎక్కువైతే అంతే.

ఎర్నమ్మ ఇంటికి వెళ్ళి పొయ్యిముందు కూర్చుంది. తన గుమ్మడి మొక్క చలికి వణకడం ఆమె కళ్ళలోంచి పోవడం లేదు. పొయ్యిలో బూడిద ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆమె దాన్ని చేత్తో తాకింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో పొయ్యి బూడిదని గడప దాటించేవారు కాదు. అంట్లు తోముకోగా మిగిలింది పెరట్లో ఓ మూల గొయ్యిలో పోసేవారు. బూడిద బయటికి పోతే దాని వెనకే పొయ్యిలో నిప్పు కూడా ఇల్లు విడిచి పోతుందని వాళ్ళ నమ్మకం. ఒకరి బూడిద ఒకరికి ఇవ్వడమంటే మరీ తప్పు.

"పోతే నా పొయ్యే కదా పోయేది," అనుకుంది ఎర్నమ్మ. బూడిద చేటలోకి ఎత్తుకుని, గడప దాటి, తోటకి నడిచింది. మొక్క మొదట్లో మెత్తగా పరిచింది. ఆకులమీద పలచగా చల్లింది.

"ఇదిగో తల్లీ, నా కాడున్నది ఇదే. కప్పుకో."

"వెచ్చగా ఉందమ్మా," అంది గుమ్మడి.

రోజూ పొద్దున్నే అదే పని. బూడిద చల్లుతూ ఎర్నమ్మ తనలో తను మాట్లాడుకునేది. "ఓ ముక్క గవరయ్యన్నకి. ఓ ముక్క సింహాచలం వదినకి, పెద్దముక్కే, ఆవిడ నాకు శానా పెట్టింది." ఇలా ఊరంతా చుట్టి వచ్చేది. గుమ్మడి ఆ పేర్లన్నీ వింటూ పెరిగింది.

కానీ పెరిగేకొద్దీ దానికి బూడిద చాలడం లేదు. ఒంటిమనిషి వంట ఎంత, ఆ పొయ్యిలో బూడిద ఎంత? తీగ మొదలు వెచ్చగానే ఉంది, కొస మాత్రం చలికి ముడుచుకుపోతోంది. మొగ్గ వేసే చోటు కొసే. ఉగాది దగ్గర పడుతోంది.

"అమ్మా, ఎవరినైనా అడుగు," అంది గుమ్మడి.

ఎర్నమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇన్నాళ్ళూ కూరలడిగి తిన్నాను. ఇప్పుడు ఆళ్ళ పొయ్యిలో బూడిద కూడా అడగమంటావేటి? నా నోరు రాదు తల్లీ."

ఆమె నోరు రాకపోతే రాకపోయింది, గుమ్మడికి కాళ్ళున్నాయి కదా. పాకుతూ పాకుతూ గట్టు దాటి, పక్కనున్న గవరయ్య మడిలోకి వెళ్ళింది. గవరయ్య అక్కడ చచ్చిపోయిన చిక్కుడు పాదు పక్కన దిగులుగా కూర్చుని ఉన్నాడు.

"తాతా, కాస్త బూడిద పెట్టు," అంది గుమ్మడి.

గవరయ్య ఉలిక్కిపడ్డాడు. "నీ మడి అది కదే. ఇటేటి వొచ్చినావు?"

"అటు బూడిద అయిపోయింది."

"బూడిద ఇవ్వకూడదే. పొయ్యి సల్లారిపోద్ది."

"ఎర్నమ్మ రోజూ తెస్తోంది తాతా. ఆమె పొయ్యి చల్లారిందా?"

గవరయ్య ఊరివైపు చూశాడు. ఎర్నమ్మ ఇంటి కప్పు మీంచి సన్నగా పొగ లేస్తోంది.

"నేను ఎర్నమ్మ కోసం మొలవలేదు తాతా," అంది గుమ్మడి. "మీ కోసం మొలిచాను. నాకు కాయ కాస్తే మొదటి ముక్క నీకే. ఎర్నమ్మ రోజూ నీ పేరు చెప్పి నాకు బూడిద చల్లుతుంది. తన కోసం ఒక్క ముక్క కూడా చెప్పుకోగా నేను వినలేదు."

గవరయ్య లేచి ఇంటికి వెళ్ళి భార్య సింహాచలంతో జరిగిందంతా చెప్పాడు. "ఊరి పెద్దవి, నువ్వే కట్టుబాటు తప్పుతావా?" అని ఆవిడ అంటుందేమోనని భయపడ్డాడు. ఆవిడ ఆ మాటే అనలేదు.

"ఎర్రి మొకమా, ఇంకా నిలబడ్డావేటి? గంప అందుకో," అంది.

గవరయ్య పట్టపగలు, నెత్తిమీద బూడిద గంపతో, ఊరి నడిమధ్య నుంచి నడిచి వెళ్ళాడు. అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. పెద్దాయనకి మతిపోయిందనుకున్నారు కొందరు. సాయంత్రం ఆయన ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని తొంగి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. వెలిగింది. పులుసు వాసన వీధి చివరిదాకా వచ్చింది.

మర్నాడు పొద్దున్న ప్రతి ఇంటినుంచీ ఒక గంప బయలుదేరింది. ముందు ఎర్నమ్మ మడిలో కొస దాకా వెచ్చగా పరిచారు. మిగిలింది వంగకి, చిక్కుడికి, బంతికి చల్లారు. తోటంతా బూడిద కప్పుకుని కూర్చుంది.

ఎర్నమ్మ వచ్చి చూసింది. ఆమెకి ఏడుపొచ్చింది. "మళ్ళీ మీ కాడే తీసుకున్నాను కదమ్మా," అంది.

"తీసుకో. తీసుకుంటేనే కదా మాకు ముక్క దొరికేది," అంది సింహాచలం.

ఎర్నమ్మ కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి కంచెమీద చలి కనిపించింది. ముఖం వేలాడేసుకుని ఉంది. అందరూ దాన్ని తిట్టారు, తరిమారు. ఎందుకు వెళ్ళడం లేదని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె అడిగింది.

"ఏటి నాయనా, ఇంకా ఉండిపోయినావు?"

"పువ్వు చూద్దామని," అంది చలి, చిన్న గొంతుతో. "ప్రతి ఏడూ నేను వెళ్ళాకే తోట పూస్తుందట. తేనెటీగలు చెప్పుకుంటుంటే విన్నాను. ఒక్కసారైనా చూసి వెళ్దామని కూర్చున్నాను. నేను కూర్చుంటే పూయవని తెలియక కాదు. వెళ్ళబుద్ధి కావడం లేదు."

ఎర్నమ్మకి జాలేసింది. లేని దానికోసం ఎదురుచూడడం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

"ఆ ఎగువ బండమీదకెళ్ళి కూర్చో. పువ్వు పూయగానే నిన్ను నేను పిలుస్తాను," అంది.

చలి కంచె దిగి వెళ్ళి బండమీద కూర్చుంది.

ఉగాది నాడు తెల్లవారింది. ఊరంతా తోటలో చేరింది. ఏ మడిలోనూ ఇంకా పువ్వు లేదు. బంతి మొగ్గలు బిగుసుకునే ఉన్నాయి. ఎర్నమ్మ తన గుమ్మడి తీగ కొసన కూర్చుంది. అక్కడ ఒక మొగ్గ ఉంది. అది మెల్లగా కదిలింది, కొంచెం ఆగింది, తరవాత అరచేయంత పసుపుపచ్చ పువ్వై విప్పుకుంది.

"రా నాయనా, చూసుకో," అని ఎర్నమ్మ కేకేసింది.

అందరూ గాభరాపడ్డారు. చలి ఊపిరి తగిలితే పువ్వు వాడిపోతుందని భయం. కానీ తొడిమ దగ్గర్నుంచి ఆకు కొసదాకా గుమ్మడి బూడిద కప్పుకుని ఉంది. చలి వచ్చి వంగి చూసింది. ఎంతసేపు చూసిందో. పువ్వు వాడలేదు.

"ఇంత బాగుంటుందా," అంది చలి. "మీకు రుణపడ్డాను." ఆ మాట అని కొండ దిగి వెళ్ళిపోయింది. అది వెళ్ళీ వెళ్ళగానే బంతులన్నీ ఒక్కసారిగా విప్పుకున్నాయి. వాటి తొందర వాటిది. వాటి వెనకే చేమంతి, వంగ, చిక్కుడు అన్నీ పూశాయి. ఆ రోజు ఎవరి మడీ చేతులు మారలేదు.

ఆ తరవాత పువ్వు కాయైంది, గుమ్మడి తన బూడిద దానికీ కప్పింది. అంతలో వానలొచ్చాయి. వంగ, చిక్కుడు, బంతి ముఖాలు పైకెత్తి ఒళ్ళు కడిగించుకున్నాయి. గుమ్మడి కాయ మీదికి చినుకు దిగబోతే, "ఆగు," అంది గుమ్మడి. "ఇది మురికి కాదు. ఇది అన్ని ఇళ్ళ పొయ్యిల్లోది. ఒక్కొక్కళ్ళు భయపడుతూనే గడప దాటించి నాకిచ్చారు. దీన్ని నేను కడుక్కోను."

వాన దాని మాట మన్నించి, పక్కనుంచి జారిపోయింది.

కాయ ముదిరాక ఎర్నమ్మ దాన్ని తోటలోనే కోసింది. ముక్కలు గంపలో పెట్టుకుని ఇంటింటికీ తనే వెళ్ళి ఇచ్చింది. పిలిచి కూర్చోబెట్టినచోట కూర్చుంది, మజ్జిగిస్తే తాగింది. చివరి ఇంటి నుంచి ఖాళీ గంపతో తిరిగి వస్తుంటే ఆమె నడక పిల్లల నడకలా ఉంది.

అప్పటినుంచే ఆ గుమ్మడి ఒంటినిండా బూడిద. పిందెగా ఉన్నప్పుడు పచ్చగానే ఉంటుంది, ముదిరేకొద్దీ బూడిద కప్పుకుంటుంది. ముట్టుకుంటే మీ చేతికీ అంటుతుంది. దాన్ని ఎవరింట్లో కోసినా ఆ ఇంటివాళ్ళకే సరిపెట్టుకోరు. ఓ ముక్క పక్కింటికి వెళ్ళాల్సిందే.